రుద్దనన్న మనిషి

నాకు రాయడం సరిగ్గా రాదు. అక్షరాలు తప్పితే ఏమీ అనుకోకండి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. యుద్ధంలో అమెరికా సిపాయిలకు మాలీషు చేసేవాడినని చెప్పాడు. వడ్ల బస్తాలు మోసి నొస్తున్న నా భుజం రుద్దమని అడిగాను. చెయ్యి వేసి చూసి, తీసేశాడు.

"రుద్దను తమ్మీ. గాడ క్యాంపుల బేస్‌బాల్ అనే ఆటల బంతి ఇసిరే సిపాయి ఒకడుండె. అంతకుముందు వాళ్ల దేశంల జీతానికి ఆడినోడు. గా ఆటల గెలుపు ఇసిరినోని పేరు మీదనే రాస్తరు. గా ఏడాది అందరికంటె ఎక్కువ గెలవాలెనని, భుజం నొప్పి సంగతి డాక్టరుకు చెప్పకన్నడు. నేను రుద్దుకుంటనే పోయిన."

"మరి గెలిచిండా అన్నా?"

"గెలిచిండు. ఎనక ఆ చెయ్యి భుజం దాటి లేవలేదు. చెయ్యి పోతదని నాకు ముందే తెల్సు, నోరు ఇప్పలేదు. నువ్వు దవాఖానకు పో."

కోదాడలో దిగి ఎవరి దారిన వాళ్లం పోయాం. దవాఖానలో చూపించుకుంటే నా భుజం బాగయింది. ఆ మాట ఆయనకు చెప్పాలంటే, ఆయనది ఏ ఊరో కూడా నేను అడగలేదు. ఆ తప్పుతో పాటు రాతలో తప్పులు కూడా మన్నించండి.