నాలుకతో చూసే సబ్బు

మా ఇంట్లో బట్టల సబ్బు మేమే చేసుకునేవాళ్లం. చంద్రగిరి నుంచి తెచ్చిన కానుగ నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు పోసి కలిపేది నేను. ముక్కలు కోసి ఆరబెట్టాక, అది వాడకానికి వచ్చిందో లేదో తేల్చేది మా ఆయన. ముక్కను నాలుక కొనకు తాకించేవాడు. సుర్రుమంటే సోడా కారం ఇంకా చావలేదని అర్థం, ఉతికితే చేతులు కాలుతాయి. ఆ పని నేను ఏనాడూ చేయలేదు.

పోయిన ఏడు ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. రోజూ దుప్పట్లు ఉతకాలి. పాత సబ్బు అయిపోయింది, కొత్తది ఇంకా ఆరుతూ ఉంది. అయినా ఒక ముక్క తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టాను.

మాట ముద్దగా వచ్చినా ఎగతాళి తగ్గలేదు. "మొన్ననే కదమే కోసింది? అంత తొందరేమే నీకు?" అంటూ నాలుక తాకించాడు. "సుర్రుమనలేదే! ఈసారి బిన్నే వచ్చింది, ఇన్ని దినాలు కూడా పట్టలేదు. పోయి ఉతుక్కోపో."

సగం దుప్పటి ఉతికేసరికి వేళ్లు మండిపోయాయి. అప్పుడు నేనే ఆ ముక్కను నాలుకకు తాకించాను. నిప్పు పెట్టినట్టయింది. కూరలో ఉప్పు లేదని ఆయన రోజూ ఎందుకు కసురుకుంటున్నాడో తెలిసింది. ఆయన పడిపోయిన రోజు కూడా ఏడవనిదాన్ని, కొళాయి కింద చేతులు పెట్టుకుని ఏడ్చాను.

లోపలికి వెళ్తే అడిగాడు. "ఎట్లుండాదే సబ్బు?"

చేతులు కొంగులో దాచుకున్నాను. "నువ్వు సూసినాక ఇంకేముండాదయ్యా? బాగుండాది."

"మరి? నా నాలుకంటే ఏమనుకున్నావే!" అన్నాడు.