కొండరాతి గుంతలో దొరికిన ప్రసాదం

కొండ మీద గుంతలు తొలిచిన పాతకాలపు బండ ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది సుక్రమ్మ. హుకుంపేటలో మా కొట్టుకి సంతరోజున సామలు తెచ్చే కొండరైతు. ఆ ఒక్క మాట పట్టుకుని, కట్టుకున్నవాడికి బతికుండగానే పిండాకూడు తినిపించిన మహా ఇల్లాలిని నేను. నవ్వొస్తే ఆపుకోకండి.

అప్పటికి మా ఆయన మలేరియాతో మంచం పట్టి, గంజి చూసినా మొహం తిప్పేస్తున్నారు. "ఏదో ఒకటి తినకపోతే మాత్రలు పనిచెయ్యవమ్మా" అన్నాడు డాక్టరు. బడి గడప తొక్కకుండా, నాన్న దగ్గర స్తోత్రాలతోనే అక్షరాలు దిద్దుకున్నదాన్ని. రాయి కనబడితే చాలు, నా చేతులు వాటంతటవే దండం పెట్టేస్తాయి. పసుపూ కుంకుమా పట్టుకుని కొండెక్కాను.

బండ నిండా గిన్నెల్లాంటి గుంతలు, చుట్టూ వలయాలు. ఒక గుంత మీద అడ్డాకు కప్పి ఉంది. తీస్తే సామన్నం! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, నాకు రాయే వడ్డించిందనుకున్నాను. గుంతలన్నిటికీ పెళ్లికూతుళ్లకి పెట్టినట్టు బొట్లు పెట్టి, అన్నం కొంగున కట్టుకుని దిగాను.

ఆయన తిన్నారు! "ఇంకాస్త ఉందా?" అని కూడా అడిగారు. నేను దేవుడికి దండాలు పెడుతుండగా గుమ్మంలో సుక్రమ్మ.

"అమ్మా, మా రాతికి పసుపెట్టింది నువ్వేనా? అందులో కూడేటి సేసినావు?"

"ప్రసాదమే కదా! అయ్యగారికి పెట్టాను."

"ఓలమ్మా! పెసాదం కాదు. సచ్చిపోయినోళ్లకి ఎడతాం. అది మా బుద్రి కూడు."

మంచం మీద నమలడం ఆగింది.

బుద్రి ఆమె కూతురు. పురిటినొప్పులతో పాడేరు ఆసుపత్రికని డోలీలో మోసుకెళ్తుంటే, జీపు రోడ్డు చేరకముందే, వానలో పోయింది.

నేను కాళ్ల మీద పడబోతే సుక్రమ్మ భుజాలు పట్టుకుంది. "తిననీ అమ్మా. ఉన్నప్పుడూ అంతే. తన ఆకులోది ఎవులికో ఎట్టేసీది."

కాసేపటికి మా ఆయన నీరసంగా అడిగారు: "ఆ గుంతలు తొలిచింది మీవాళ్లేనా?"

"ఎవులికీ తెల్దు బాబూ. తాతల ముందునుంచీ ఉన్నాయి. కాలేజీ ఆయనొకడు వాన కోసం మొక్కుకోడానికన్నాడు, ఇంకొకాయన ఆకాశంలో సుక్కల గుర్తులన్నాడు. కాళీగా ఉన్నాయని మేం మావోళ్లకి ఎడతన్నాం."

ఆయన కోలుకున్నారు. దేవుడికీ, డాక్టరుకీ, బుద్రికీ దండం పెట్టాను. కాని ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే మా ఆయన ప్రశ్న ఒకటే: "ఇది నాదేనా, పోయినవాళ్లదా?"

అందుకే పసుపు ముట్టి ప్రమాణం చేస్తున్నాను. పూజారి స్వయంగా చేతిలో పెట్టినా సరే, ఎవరి అన్నమో అడగకుండా ఇక ముద్ద ముట్టను.

మీరు ఆ బండ చూస్తే, గుంతల అర్థం మీకు తోచినట్టు చెప్పుకోండి. బుద్రిని మాత్రం ఒక్కసారి తలుచుకోండి.