ఆ అక్షరాలు అడిగిందెవరు

మా పెద్దమ్మకు మాట పడిపోయిన ఏడే నేను కాలేజీలో చేరాను. అవి పంతొమ్మిది వందల అరవైల మొదటి రోజులు. మట్టెవాడలో వాళ్లది రెండు గదుల పెంకుటిల్లు. పెదనాన్న అప్పటికే పోయాడు. పెద్దమ్మ, ఆమె ఒక్కగానొక్క కూతురు ఉండేవాళ్లు. నేను ఆ కూతుర్ని అక్కా అని పిలిచేదాన్ని. మా ఊళ్లో కాలేజీ లేదు కాబట్టి ఆ ఇంట్లో మూడో మనిషినయ్యాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దమ్మ చర్చి మెట్లు దిగుతూ కూలిపోయింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపారు. కాలూ చెయ్యీ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి గానీ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నీళ్లు కావాలన్నా చేత్తో చూపించేది. అక్క రోజూ ఎదురుగా కూర్చుని, "అమ్మా, నేనెవర్నే? నా పేరు చెప్పరాదే," అని అడిగేది. పెద్దమ్మ పెదవులు కదిలేవి. గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

నాకప్పుడొక పిచ్చి ఉండేది. ఇంగ్లీషు పేపర్లో కొన్ని అక్షరాలిచ్చి, అవన్నీ ఉన్న మాటలు కనిపెట్టమనేవారు. అక్షరాలు ఏ వరసలో ఉన్నా ఫరవాలేదు, మధ్యలో వేరేవి ఎన్ని కలిసినా ఫరవాలేదు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని, "ఎల్, ఎన్, టి," అని గొణుక్కుంటున్నాను.

"లాంటర్న్," అన్నారెవరో.

వీధి తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు.

"సైలెంట్. లిసన్."

పెద్దమ్మే. లిసన్‌లో పలకని టి ఒకటి ఉంటుందని నాకు తట్టడానికి కూడా కాస్త సేపు పట్టింది. ఆమె చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో చదివిందని తెలుసు గానీ ఆమె నోట ఇంగ్లీషు మాట నేనెప్పుడూ వినలేదు. పైగా ఆ గొంతు ఆమెది కాదు. పెద్దమ్మది బొంగురు గొంతు, పిలిస్తే వీధి చివరికి వినపడేది. ఇది సన్నగా, పాఠం అప్పజెప్పే పిల్ల గొంతులా ఉంది.

అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మ మాట్లాడిందా? ఏమన్నది?"

"లాంతరు అంది."

అక్క నవ్వుతూనే ఏడ్చింది. నేను తొందరపడి, "ఎచ్, టి, ఆర్," అని అడిగాను. పెద్దమ్మ వెంటనే, "మదర్. ఫెదర్. వెదర్. థ్రోట్," అని ఆగిపోయింది. డాటర్ అంటుందని ఆశపడ్డాను. అనలేదు. ఏ మాట కోసం అడిగానో అక్కకు చెప్పలేదు.

ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం అడగడం అలవాటైంది. అక్షరాలు చెప్పగానే పెద్దమ్మ మంచం దిగి, చేతులు కట్టుకుని నిటారుగా నిలబడేది. జవాబు మాత్రం నన్ను చూసి చెప్పేది కాదు. నా భుజం మీదుగా వెనక గోడను చూస్తూ చెప్పేది. ఆ గోడకు పెచ్చులూడిన సున్నం తప్ప ఏమీ లేదు.

ఆమెను చూడటానికి డోర్నకల్ నుంచి ఒక స్నేహితురాలు వచ్చింది. ఇద్దరూ బోర్డింగులో పక్కపక్కన పడుకుని పెరిగినవాళ్లు. ఆమె సంతోషిస్తుందని నేను అక్షరాలు అడిగాను. పెద్దమ్మ జవాబు వినగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిది దాని ఇప్పటి గొంతు కాదు బిడ్డా. మేం బోర్డింగుల ఉన్నప్పటి గొంతు. మా బోర్డింగు చూసే దొరసానమ్మ బువ్వకు ముందు గిట్లనే అక్షరాలు అడుగుతుండె. జవాబు చెప్పినోళ్లే ముందుగాల కంచం పట్టుకోవాలె."

"ఆమె ఇప్పుడెక్కడున్నది?" అంది అక్క.

"ఇంకెక్కడిది? మేం ఉండంగనే జరమొచ్చి సచ్చిపోయింది. ఆడనే బొందవెట్టిండ్రు."

ఆమె చాయ్ కూడా తాగకుండా దొరికిన మొదటి బండికే వెళ్లిపోయింది.

ఇక అడగనని నిశ్చయించుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం పుస్తకం తెరుచుకుని నోరు మెదపకుండా కూర్చున్నాను. కాసేపటికి మంచం కిర్రుమంది. పెద్దమ్మ లేచి చేతులు కట్టుకుంది.

"క్యాండిల్," అంది.

తల కొంచెం పక్కకు వంచి, విన్నట్టుగా ఆగింది.

"డాన్స్. సెకండ్." మళ్లీ ఆగింది. "చిల్డ్రెన్."

ఆ మాటల్ని విడదీయాలని నేను అనుకోలేదు. అలవాటు పడ్డ బుర్ర తనంతట తనే విడదీసింది. నాలుగింటిలోనూ సి ఉంది, డి ఉంది, ఎన్ ఉంది. ఎవరో ఆ మూడూ అడిగారు. నాకు వినపడలేదు. వెనక్కి తిరగకుండా అక్కను పిలిచాను.

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరితోని మాట్లాడుతాంది? నువ్వు అడిగినవా?"

"లేదు."

అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. లోపల ఆ సన్నని గొంతు ఆగేదాకా ఇద్దరం ఎండలో అరుగు మీద కూర్చున్నాం.

తొలకరి పడ్డ రోజున పెద్దమ్మ మంచం మీద నుంచే అరిచింది. "బట్టలు తీయుండ్రే, వాన పడుతాంది!" అదే పాత బొంగురు గొంతు. అక్క బట్టల సంగతే మరిచిపోయి వెళ్లి ఆమెను వాటేసుకుంది. "ఏమైందే నీకు?" అంటూ పెద్దమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచింది. కొన్నాళ్లలో మాటలన్నీ వచ్చేశాయి. ఇంగ్లీషు మాత్రం పోయింది. ఒకసారి ధైర్యం చేసి అవే పాత అక్షరాలు అడిగితే నవ్వింది. "నన్ను ఇంగ్లీషు అడుగుతవేందే? నాకేమొస్తది?"

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఒకనాడు ముగ్గురం చిక్కుడుకాయలు వలుస్తుంటే పెద్దమ్మే ఎత్తింది.

"ఔనే, నేను మంచంల ఉన్నప్పుడు గామె రోజూ వచ్చి నీ ఎనుక గోడకు నిలవడుతుండె. ఒక్కనాడన్న కుర్చీ ఎయ్యకపోతిరి."

అక్క చేతులు ఆగిపోయాయి. "ఎవరమ్మా?"

"నాకేమెరుక? మీకు తెలిసినామె గావచ్చనుకున్న. మంచిదే పాపం. ఆకలైతాందా బిడ్డా అని అడుగుతుండె." అని, చాటలోంచి ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది.

మర్నాడు పొద్దున లేచేసరికి ఇంట్లో ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి ఆ గోడ దగ్గర వేసి ఉంది. అక్కే వేసింది. పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. నేను చదువు ముగించి ఉద్యోగానికి వెళ్లేదాకా ఆ కుర్చీ అక్కడే ఉంది. ఇంటికి నలుగురు వచ్చినప్పుడు చాప పరిచేవాళ్లం. తెలియనివాళ్లెవరైనా అటు నడిస్తే, "జర ఇటు కూసోండ్రి," అనేది అక్క, నెమ్మదిగా.