గడియారం పట్టిన దొంగ

దూరం సంగతిలో నలుగురు మనుషులు ఒక మాట మీద నిలవగా నేను చూడలేదు. పురాణాలలో యోజనం అంటారు. ఒక పండితుడి యోజనం ఇంకో పండితుడి యోజనానికి సరిపోదు. మా అవ్వ ఆమడ అనేది. ఆమెకు కాళ్లు ఆడిన రోజు ఆమడ పొట్టిది, మోకాలు నొచ్చిన రోజు పొడుగుది. దేవనకొండ దిక్కున ఒక గొర్రెల కాపరిని తోవ అడిగితే "సుట్ట ఒకటి కాలేంత దూరమప్పా" అన్నాడు. చుట్ట కాలిపోయింది, ఊరు రాలేదు. వెనక్కి పోయి పోట్లాడదామంటే, ఆయన చెప్పింది ఆయన చుట్ట సంగతి, నేను కాల్చింది నా చుట్ట.

అందుకని, దూరాన్ని చేతికి కట్టుకుని తిరిగే మనిషి ఒకడు ఆదోనిలో ఉన్నాడని విన్నప్పుడు పనిగట్టుకుని పోయి చూసినాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. మనిషి పేరు కృపానందం, సొంతూరు గోనెగండ్ల. రుద్రమ్మ అనే పత్తి వ్యాపారస్తురాలి లారీ తోలేవాడు. ఆదోని నుంచి పత్తి బేళ్లు బొంబాయికి వేసుకుపోయి, తిరుగుదారిలో ఎమ్మిగనూరు మగ్గాలకు నూలూ రంగులూ తెచ్చేవాడు. లారీ పనికి రాకముందు హైదరాబాదులో విమానాల కంపెనీకి జీపు తోలినాడట. అక్కడ ఒక దొర, విమానం నడిపేవాడు, దేశం వదిలి పోతూ పోతూ తన చేతి గడియారం విప్పి ఇతని చేతికి కట్టి పోయినాడు.

వెండి రూపాయి కన్నా పెద్ద గడియారం అది. నల్లటి ముఖం, అందులో మళ్లీ మూడు చిన్న ముఖాలు. అంచు చుట్టూ అంకెల చక్రాలు రెండు: లోపలిది కదలదు, బయటిది తిరుగుతుంది. రెంటినీ ఒకదానికొకటి ఎదురు పెడితే గుణకారమూ భాగారమూ దానంతటదే అయిపోతుంది. ఎంత దూరం, ఎంత వేగం, ఎంత పెట్రోలు, అన్నీ ఆకాశంలో ఉండగానే చూసుకుంటారట. కృపానందానికి అంకెలు వచ్చు గానీ ఇంగ్లీషు అక్షరాలు రావు. లోపలి చక్రం మీద అక్కడక్కడా ఎర్ర గుర్తులున్నాయి. దొర గోటితో చూపించిన చోట్లు అతను గుర్తు పెట్టుకున్నాడు, అంతే.

అతనికున్న కష్టమల్లా ఒకటే. ఆదోని బజారులో ఎవరూ అతన్ని భాగారం అడగరు. "టైమెంతన్నా?" అంటారు. చెప్పగానే పోతారు.

"ఇంత గడియారం పెట్టుకోని టైము సెప్పేదేనా పెద్దాయనా నా బతుకు!" అన్నాడు నన్ను ముందు సీట్లో ఎక్కించుకున్న మొదటి రోజే.

నా పక్కనున్న క్లీనరు పుల్లన్న కిసుక్కుమన్నాడు. "కూడొండను గూడా వస్తాదేమో అడుగు పెద్దాయనా. వాళ్లక్కకు కట్టెల పొగ తప్పుతాది."

పుల్లన్న కూలివాడిలా ఆ బండి ఎక్కలేదు. కృపానందం అక్క మేరికి మొగుడు, అంటే బావ. తల నెరిసిన మనిషి. చక్రాలు, తాళ్లు, తార్పాలు, డీజిలు పోయించడం అన్నీ ఆయన చూసుకునేవాడు. డీజిలు ట్యాంకు మూత తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది.

ఆ లారీ ఇంజను జర్మనీ వాళ్లది, మీటరు కిలోమీటర్లలో తిరుగుతుంది. మన రోడ్డు రాళ్లేమో మైళ్లలో ఉన్నాయి. లారీ అమ్మినవాళ్లు గ్యాలనుకు పన్నెండు మైళ్లు వస్తుందని చెప్పి పోయినారు. కృపానందానికి పని దొరికింది. కిలోమీటర్లను గడియారం మీద మైళ్లు చేసేవాడు, మైళ్లను గ్యాలన్లతో భాగించేవాడు. బేళ్ల మీది నుంచి ఎగిరిన దూది చక్రం సందులో ఇరుక్కుంటే ఉఫ్ ఉఫ్ అని ఊది మళ్లా తిప్పేవాడు. ఎన్ని మార్లు తిప్పినా లెక్క ఒకటే. గ్యాలనుకు పదిన్నర మైళ్లు. ఏడెనిమిది గ్యాలన్లు పోస్తే అందులో ఒకటి ఎటో పోతోంది.

ఆ సంగతి కడుపులో దాచుకుని ఉంటే ఈ కథ లేదు. తన గడియారం పనికొచ్చిందన్న సంబరంలో నేరుగా రుద్రమ్మ గద్దె ముందుకు పోయి చెప్పినాడు.

రుద్రమ్మ భర్త పోయినాక వ్యాపారం ఒంటిచేత్తో లాగుతున్న మనిషి. మెడలో లింగం, నోట్లో వక్కపలుకు. అంతా విని, వక్క బుగ్గన పెట్టుకుని అడిగింది: "అయితే ఆ గ్యాలను యాడికి పోతాండాది?"

"అది... గడియారం సెప్పదమ్మా."

"సెప్పదా? సగం మాట సెప్పి నోరు మూసుకునే గడియారాన్ని ఎందుకప్పా కట్టుకున్యావు? లెక్క తెచ్చింది నువ్వు. దొంగను గూడా నువ్వే తెచ్చియ్యి. లేకుంటే నువ్వూ నీ బావా ఇద్దురూ బండి దిగి పోండి."

అప్పటికి గానీ తాను తవ్విన గుంత ఎంత లోతో అతనికి అర్థం కాలేదు. ట్యాంకు కిందకు దూరి గొట్టాలన్నీ తడిమినాడు, చెమ్మ లేదు. బంకులో కొలత డబ్బా తెప్పించి పోసి చూసినాడు, సరిగానే ఉంది. పుల్లన్న తన మాట తాను చెప్పినాడు: "ఎందుకప్పా ఈ తిప్పలు? రోడ్డు మింద రాళ్లుండాయి గదా. రాళ్లు లెక్కపెట్టు, మైళ్లు వస్తాయి."

"రాళ్లా! కంట్రాక్టరు నాలుగు రాళ్లు ఎక్కువ పాతితే నాలుగు రాళ్ల బిల్లు ఎక్కువ. దగ్గరదగ్గర పాతింటాడు. దొరలు ప్రాణాలు పెట్టి నమ్మే గడియారం బావా ఇది!"

మనుషులు నమ్మకాన్ని ఎక్కడ పెడతారో చెప్పలేం. ఒకడు తాయెత్తు మీద పెడతాడు, ఒకడు పంచాంగం మీద. వీడు కదలని రాయిని వదిలిపెట్టి తిరిగే చక్రం మీద పెట్టినాడు. నేను కల్పించుకుని చెప్పబోతే, "నీవి పుస్తకాల మాటలు పెద్దాయనా" అని నన్నూ తోసేసినాడు.

మరుసటి వారం, ఆదోని బంకు దగ్గర. నలుగురు లారీల వాళ్లు నిలబడి ఉన్నారు. పుల్లన్న మొలలో నుంచి తాళంచెవి తీయబోతుంటే కృపానందం చెయ్యి చాపినాడు.

"అదిట్లియ్యి బావా. ఇంగమీదట నా కాడ ఉంటాది."

పుల్లన్న అతని ముఖం చూసినాడు. పక్కనున్న లారీ డ్రైవరు ఒకడు ఈల వేసినాడు. ఇంకొకడు "బామ్మర్ది కట్టుదిట్టం జేస్తాండాడు రోయ్" అన్నాడు. పుల్లన్న ముడి విప్పి, తాళంచెవి అతని చేతిలో పెట్టి, బండి ఎక్కినాడు. బండి ఎమ్మిగనూరు చేరింది. అక్కడ నూలు మూటలన్నీ దించి, తార్పాలు మడత పెట్టి, తన కంబళి భుజాన వేసుకుని మాధవరం తోవ పట్టినాడు. అది ఆయన సొంతూరు, తుంగభద్ర ఒడ్డున. పది దినాలు తిరక్కముందే మేరి కూడా గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది. పోతూ తమ్ముడి గుమ్మం తొక్కలేదు.

రుద్రమ్మ కృపానందాన్ని బండి మీదే ఉంచింది. దొంగ దొరికినాడు గదా.

తరువాతి బొంబాయి దోవలో తాళంచెవి కృపానందం జేబులో ఉంది. డీజిలు తానే పోయించినాడు, మూత తానే వేసినాడు, ట్యాంకు పక్కనే చాప పరుచుకున్నాడు. ఆదోనికి తిరిగి వచ్చి చక్రం తిప్పితే గ్యాలనుకు పదిన్నర. మళ్లా తిప్పినాడు. పదిన్నరే.

దొంగ పోయినాడు గానీ దొంగతనం పోలేదు.

నన్ను వెతుక్కుంటూ సత్రానికి వచ్చినాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పెద్దాయనా, ఇంగ తప్పు రాళ్లదే. లారీ అమ్మినోళ్లు ఈ దొంగ రాళ్లు సూసే పన్నెండని సెప్పింటారు. కొలిసి సూపిస్తా. నాతో రా."

రోడ్డు పని మేస్త్రీ మద్దిలేటిని బతిమాలి కొలత గొలుసు తెచ్చినాడు. ఎమ్మిగనూరు రోడ్డు మీద ఒక మైలురాయి నుంచి పక్క మైలురాయి దాకా నేనొక కొస, అతనొక కొస పట్టుకుని లాగినాం. ఆషాఢం గాలి ఆ నల్లరేగడి మీద ఎట్లా కొడుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు; పంచె నిలవదు, కన్ను తెరవనియ్యదు. దోవన పోయే బండ్లవాళ్లు "ఏం పెద్దాయనా, రోడ్డు కొంటాండావా?" అని నవ్విపోయినారు. కడపటి గొలుసు లాగితే కొస సరిగ్గా రాయి పాదానికి తగిలింది. మైలు మైలే. కంట్రాక్టరు పాపం సత్యవంతుడు.

కృపానందం ఆ రాయి మీదే కూలబడినాడు. తరువాత, ఎన్నడూ ఎవరి చేతికీ ఇవ్వని గడియారాన్ని విప్పి నా ఒళ్లో పడేసినాడు.

"సూడు. ఏమని రాసిండాదో సూడు. నాకు సచ్చిపోదామన్నంత ఇసుగ్గా ఉండాది."

అద్దాలు తుడుచుకుని, ఎండకు వాలుగా పట్టుకుని చూసినాను. చీమ తలకాయంత అక్షరాలు. "మైళ్లకు ఏ గుర్తు చూస్తావు?" అంటే గోటితో చూపినాడు. ఆ పక్కనే, గోరెడు కూడా ఎడం లేకుండా, ఇంకో ఎర్ర గుర్తుంది.

"కృపానందం, ఇది సముద్రం మైలురా."

"సముద్రమా? ఆదోనికా?"

ఓడలవాళ్లకు వేరే మైలుంది. భూగోళం చుట్టుకొలతను పంచి పెట్టుకున్నారు దాన్ని. మన రోడ్డు మైలు కన్నా పొడుగు. ఓడలను చూసి విమానాలవాళ్లూ దాన్నే పట్టుకున్నారు. దొర తనకు కావలసిన గుర్తు చూపించి పోయినాడు. రోడ్డు మైలుది ఆ పక్క గుర్తు. మైలు పొడుగైతే ఎన్ని మైళ్లో ఆ లెక్క తగ్గుతుంది. ఇదంతా చెప్పి, పక్క గుర్తు దగ్గర చూడమన్నాను. చక్రం తిప్పినాడు. గ్యాలనుకు పన్నెండు మైళ్లు, చుక్క తేడా లేదు.

ఆ మధ్యాహ్నమే లారీ మాధవరం పోయింది. రుద్రమ్మతో చెప్పినాడట, ఆమె "పోయి ఆ మనిషిని పిల్సుకోని రా" అన్నదట.

పుల్లన్న ఏటి ఒడ్డున బోర్లించిన పుట్టికి తారు పూస్తున్నాడు. మనుషులను అవతలి ఒడ్డుకు దాటించే పని పట్టుకున్నాడు. మేరి తమ్ముణ్ణి చూసి చేటలో జొన్నలు చెరగడం ఆపలేదు. "ఏం మొగం పెట్టుకోని వచ్చినావురా కృపా?"

కృపానందం పోయి బావ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. గడియారం ముందుకు పెట్టి సముద్రం మైలు, రోడ్డు మైలు, ఈ గీత, ఆ గీత, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పినాడు. చక్రం తిప్పి చూపించినాడు. పుల్లన్న తారు బ్రష్షు కింద పెట్టకుండానే విన్నాడు.

"అయితే ఇప్పుడు నీ గడియారం నన్ను దొంగ కాదంటాండాది."

"అవు బావా! కచ్చితంగా!"

"రేపు ఇంగో గీత కనపడి మళ్లా దొంగనంటే?"

"అట్ల అనదు బావా, ఈసారి రాళ్లతో గూడా సరిసూసినా..."

"గడియారం ఇడిసిపెట్టప్పా. రాళ్లు గూడా ఇడిసిపెట్టు. ఆ పొద్దు బంకు కాడ నువ్వేమనుకుంటివి? నువ్వు."

కృపానందం నోరు తెరిచినాడు. నాకు తెలుసు, ఆ ఒక్క క్షణంలో ఏ మాటన్నా సరిపోయేది. "తప్పయింది" అన్నా చాలు, ఊరకే ఏడ్చినా చాలు. వాడి బొటనవేలు అలవాటుకొద్దీ చక్రం మీదికి పోయింది.

"లెక్క అట్ల వచ్చినాది బావా" అన్నాడు.

మేరి చేట కింద కొట్టింది. "ఓరి దేవుడా! ఆయప్ప లెక్క అడగలేదురా నిన్ను!"

ఇంతలో రేవు దగ్గర నిలబడిన ఆడవాళ్లు కేకేసినారు. పుల్లన్న లేచి, ఆరిన పుట్టి ఇంకొకటి నీళ్లలోకి తోసినాడు.

"రుద్రమ్మ నిన్ను మళ్లా రమ్మనింది బావా!"

"ఆయమ్మ రమ్మంటే నేనెందుకొస్తా? నన్ను దించింది ఆయమ్మ కాదు గదా."

పుట్టి తిరుగుతూ తిరుగుతూ నడిమేటికి పోయింది. కృపానందం మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి ఇంకోసారి "బావా" అన్నాడు. ఆ గాలికి ఆ మాట నాకే సరిగా వినబడలేదు.

లారీ ఒడ్డు వాలులో నిలిపి ఉంది. ఎక్కి ఇంజను వేసి, మళ్లా దిగినాడు. వెనక చక్రం కింద పెట్టిన రాయి తీయాలి. నేను వంగబోతే "నువ్వెక్కు పెద్దాయనా" అన్నాడు. రాయి లాగి చేతిలోకి తీసుకుని, దాన్ని బండిలో ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే నిలబడినాడు. పుల్లన్న దాన్ని ఎక్కడ పెట్టేవాడో ఇన్నేళ్లలో అతనెన్నడూ చూడలేదు.