ఉండల మాస్టారు

పొద్దున్నే కాఫీ గ్లాసు కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, పాలపొడి ఉండ కట్టిందేమో చూడ్డం ఆ ఇంట్లో పెద్ద తంతుగా ఉండేది. ఇప్పుడు కాఫీ ఒక్కరికే. ఆమె ఎత్తదు, చూడదు. ఉండ తగిలితే కసిగా నమిలేస్తుంది. పోయిన మొగుడి మీద కోపం ఇంకా తీరలేదు మరి.

ఆయనకున్నది ఒకటే జబ్బు: ఉండ కనిపిస్తే ఊరుకోలేరు. ఉద్యోగమూ అదే. గట్టిదనం కోసం ప్లాస్టిక్‌లో కంటికి ఆనని మట్టి రేణువులు కలుపుతారట. అవి అంతటా పరుచుకున్నాయా, ముద్దకట్టాయా అని పల్చటి ముక్క కోసి మైక్రోస్కోపులో చూడాలి. ముద్ద ఉన్నచోటే విరుగుతుంది. ల్యాబులో అందరూ ఆయన్ని ఉండల మాస్టారనేవారు.

ప్లాస్టిక్‌తో ఆగితే బాగుండేది. పెళ్ళిళ్ళలో ఆమె అక్కచెల్లెళ్ళ మధ్య చేరితే, కబుర్లు రసపట్టుకొచ్చే వేళకి ఆయన వెనక ప్రత్యక్షమయ్యేవారు.

"లే. ఇక్కడ ఉండ కట్టారు."

"మేం మనుషులమండీ."

"అక్కడ ఆవిడ పక్కన ఖాళీ ఉంది. వెళ్ళి కూర్చో."

"ఆవిడెవరో నాకు తెలీదు."

"అందుకే."

"బావగారూ, మా అక్కని ఊరందరికీ పంచేస్తున్నారేంటి?" అనేది చెల్లెలు.

అలా చెవిటి పెద్దాయన పక్కన, ఎవరితోనూ పడని మేనత్త పక్కన కూర్చుంది. మొగుడి పక్కన మాత్రం ఒక్క పెళ్ళిలోనూ కూర్చోలేదు. నా పక్కన కూర్చోడానికి అంత నామోషీనా అని అడగాలనుకుంటూనే ఉంది. అడిగేలోపే ఆయన పోయారు.

మొన్న ల్యాబువాళ్ళు పలకరించడానికొచ్చారు. అందరూ హాల్లో ఒక మూల ఒదిగి నేలచూపులు చూస్తున్నారు. కొత్తగా చేరిన అమ్మాయి తలుపు దగ్గర ఒక్కతే కూర్చుంది. ఆయన దగ్గర పని నేర్చినావిడ వంటింట్లోకొచ్చింది.

"మీ గురించి చెప్పే మాకు పని నేర్పారాంటీ."

"నా గురించా? దగ్గర కూర్చోనిచ్చిందెప్పుడు?"

"మట్టికీ ప్లాస్టిక్‌కీ పడదు. ఎంత కలియబెట్టినా మట్టి మట్టినే పట్టుకుంటుంది. రెండింటికీ నచ్చే మందొకటి పట్టిస్తేనే విడివడి కలుస్తుంది. ఆ మందు మా ఆవిడ, అనేవారు. ఎవరూ పలకరించని మనిషి పక్కన కూర్చోబెడితే పావుగంటలో నవ్విస్తుందట. తన పక్కనే పెట్టుకుంటే అంతా తనే వాడేసుకుంటారట."

ఆమెకి ఒళ్ళు మండింది. "ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పారు. నాకు చెప్పడానికేమొచ్చింది ఆ మనిషికి?"

"చెబితే మీరు బిగుసుకుపోయి మామూలుగా మాట్లాడలేరని భయమట."

సింకు నిండా గిన్నెలున్నాయి. ఆమె కుళాయి తిప్పబోయి మానేసింది. చేతులు చీరకి తుడుచుకుని హాల్లోకెళ్ళి, తలుపు దగ్గరి అమ్మాయి ముందు నిలబడింది.

"కాస్త జరుగమ్మా. మీ మాస్టారు నన్ను పెట్టిన బాధలు ఒకటీ రెండూ కాదు."