గట్టు మీది పొడుగు లెన్సు

కొత్త ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకి ఏ లెన్సు కొనాలా అని నెలంతా జుట్టు పీక్కుని, చివరికి పొడుగాటి 70-200 తీసుకున్నాను. దూరం నుంచి తీస్తే ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టుండదని నా ఉద్దేశం. మా విశాఖ బీచ్‌లో ఆ మర్యాద బాగానే చెల్లింది.

మొన్న బస్సులో ఇటు వస్తుంటే, మిర్యాలగూడ దాటాక వేములపల్లి దగ్గర వరినాట్లు కనబడి దిగిపోయాను. గట్టు మీద మూడు కాళ్ల కెమెరా స్టాండు నిలబెట్టి లెన్సు పొలం వైపు తిప్పాను. నాలుగు ఫోటోలు తీశానో లేదో, నాటు ఆగిపోయింది. పదిమంది ఆడవాళ్లు నడుములెత్తి నన్నే చూస్తున్నారు. పక్క మడిలోంచి ఒకాయన పారతో గబగబా వచ్చి నా స్టాండు పట్టుకున్నాడు.

"ఏం సర్వే ఇది? ఎవలు పంపిండ్రు? మా పొలంలకెళ్లి రోడ్డు పోతదా?"

"సర్వే కాదండీ, ఫోటోలు," అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"ఫోటోలైతే గంత దూరం ఎందుకు?"

నాటేసేవాళ్లలో పెద్దామె అక్కణ్నుంచే అరిచింది. "నిజంగ ఫోటోలకే వస్తే సెప్పులిడిసి మడిల దిగమను!"

చెప్పులు విడిచి, స్టాండు మీంచి కెమెరా తీసి లెన్సు మార్చాను. సంచి అడుగున పడేసిన, దగ్గరికెళ్తే గాని పనికిరాని చిన్న 35 తగిలించి, బురదలో దిగి, ఆమెకి రెండు మూరల దూరంలో నిలబడ్డాను. గట్టు మీద ఆయన అప్పుడు వదిలాడు స్టాండు.

పెద్దామె నన్ను తేరిపార చూసి, మళ్లీ నాటుకి వంగుతూ అంది.

"గిప్పుడు నీ మొకం గూడ మాకు కనవడ్తున్నది."