బీరువాకి ఆనించిన గిటారు

గిటారు మాస్టారు ఇక లేరన్న సంగతి మొన్న ఆదివారం ఆరాధనకి ముందే తెలిసింది. పాస్టరమ్మగారు నా పక్కన కూర్చుని, "అక్కగారూ, మాస్టారు తెల్లారగట్ల నిద్దట్లోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరంటండీ," అన్నారు. కళ్ళు మూసుకున్నాను.

మా చర్చిలో గిటారు పట్టినవాళ్ళలో చాలామందికి ఆయనే గురువు. చిన్నప్పుడు నాకూ నేర్పారు. మా అమ్మ పోయాక, ఇంటికి పెద్దదాన్ని కనుక, తమ్ముణ్ణీ చెల్లెళ్ళనీ చూసుకోవలసి వచ్చింది. గిటారు ఆగిపోయింది. ఎందుకు మానేశావని ఆయన ఎన్నడూ అడగలేదు. "అది ఎక్కడికీ పోదులేమ్మా," అనేవారు, అంతే.

యాభై దాటాక మళ్ళీ వాయించాలనిపించింది. ఒక్క ఆదివారం చర్చిలో ఆయన పక్కన కూర్చుని, ఆయనకిష్టమైన కీర్తన వాయించాలి. అదే నా కోరిక. కానీ వేళ్ళు బిరుసెక్కాయి. ఈసారి మానేస్తే ఇక ఎప్పటికీ పట్టుకోనని నాకు తెలుసు.

పెద్ద గిటారు, స్పీకరు, వాటి సరంజామా అంతా కొనిస్తానన్నాడు తమ్ముడు. మాస్టారు ఒప్పుకోలేదు.

"మనసు మంచిదే నాయనా నీది. ఆ వైర్లన్నీ తగిలించేసరికి మీ అక్కకి వంటవేళైపోద్ది."

అమలాపురంలో వాద్యాల కొట్టుకి ఆయనే నాతో వచ్చారు. మెరిసేవాటి వైపు చూడనైనా చూడలేదు. తన ఆధార్ కార్డు తీశారు. నాదీ, కొట్టాయనదీ అడిగి తీసుకున్నారు. మూడూ కలిపి, ఒక మామూలు గిటారు తీసి, దాని మెడ మీద తీగల కింద దూర్చారు.

"గిటారుక్కూడా ఆధార్ అడుగుతున్నారేంటండీ మాస్టారూ!" అని కొట్టాయన ఒకటే నవ్వు.

"ఆయ్, దీనికే అడగాలండీ. మూడు కార్డులు పట్టి నాలుగోది పట్టకపోతే తీగ వేలికి అందుద్ది. అంతకన్నా ఎత్తుంటే వేళ్ళు కోసుకుపోతాయి. వారం తిరక్కుండా అటక మీద పెట్టేస్తాది మా పెద్దమ్మాయి," అన్నారు నన్ను చూపిస్తూ.

ఆ గిటారే తీసుకున్నాం. దానికి సన్నతీగలు, శ్రుతి చూసుకునే చిన్న క్లిప్పు. మరి స్పీకరో అంటే, "మీ ఇంట్లో చెక్క బీరువా ఉంది కదమ్మా," అన్నారు. నాకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక చూపించారు. గిటారు తల బీరువా తలుపుకి ఆనించి తీగ మీటితే బీరువా అంతా మోగింది, లోపల చీరల మధ్య ఎవరో పాడుతున్నట్టు.

"ఇప్పుడు నీకు వినబడితే చాలమ్మా. ప్రభువుకి ఎలాగూ వినబడుద్ది," అన్నారు.

రోజూ పొద్దున ప్రార్థనయ్యాక బీరువా పక్కన కూర్చునేదాన్ని. వీలైనప్పుడల్లా ఆయన వచ్చేవారు. లోపలికి రారు. వరండాలోనే కూర్చుని, టీ గ్లాసు మీద వేలితో తాళం వేసేవారు. నా వేలు తప్పితే తాళం ఆపేసేవారు. ఆ నిశ్శబ్దం విని మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని.

ఒక పొద్దున ఆ తాళం ఎక్కడా ఆగలేదు. కీర్తన పూర్తయింది. టీ మాత్రం చల్లారిపోయింది.

"వచ్చే నెల మొదటి ఆదివారం, నా పక్కన. ఇంక సాకులు చెప్పకూడదు."

"అలాగేనండీ మాస్టారూ."

ఆ ఆదివారం రాకముందే ఆయన వెళ్ళిపోయారు.

సమాధికి తీసుకెళ్ళే ముందు వాళ్ళింట్లో ఆరాధన జరిగింది. గిటారు తీసుకెళ్ళాను. ఇల్లంతా జనం. ఆయన్ని ఉంచిన పెట్టె పక్కనే నాకు కాస్త చోటిచ్చారు. ఆ కీర్తనే మొదలుపెట్టాను. ఎవరో లోపలికి వస్తుంటే కొంచెం జరిగాను. గిటారు తల పెట్టె చెక్కకి తగిలింది. ఆ సన్నటి శబ్దం ఒక్కసారిగా నిండుగా వచ్చింది.

తీసేయబోయాను. తీయలేదు. చివరి చరణం దాకా అలాగే ఆనించి వాయించాను. తాళం ఎక్కడా ఆగినట్టు అనిపించలేదు.